ఉద్యోగం వదిలి క్వాంటం పరిశోధనలోకి వెళ్లనా?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఈసీఈలో బీటెక్ చేసి మూడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక చిప్ డిజైన్ కంపెనీలో పనిచేస్తున్నాను. 5జీ మోడెమ్‌లో ఎల్‌డీపీసీ డీకోడర్ (దారిలో చెడిన బిట్లను సరిదిద్దే భాగం) బ్లాకుకు వెరిఫికేషన్ చేయడం నా పని. ఏడాది కిందట క్వాంటం ఎర్రర్ కరెక్షన్ మీద ఒక ఉపన్యాసం విన్నాను. అప్పట్నించీ మనసు అక్కడే ఉంది. ఉద్యోగం మానేసి అందులోనే పీహెచ్‌డీ చేయాలనుంది. మా మేనమామేమో "అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తోంది కదా, మూడు నెలల కోర్సేదో చేసి అక్కడే ఉద్యోగం చూసుకో, అయిదారేళ్ల చదువు ఇప్పుడెందుకు" అంటాడు. మా టీమ్ లీడ్ "అదంతా ఉత్త హడావుడి, ఆ మెషిన్లు తప్పుల్లేకుండా ఎప్పటికీ నడవవు" అని కొట్టిపారేస్తాడు. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. తమ్ముడు బీటెక్ రెండో ఏడు, వాడి ఫీజు నేనే కడుతున్నాను. బీటెక్ మొదటేడు తర్వాత నేను ఫిజిక్స్ పుస్తకం తెరవలేదు. ఇది నిజంగా పనికొచ్చే విద్యేనా? నాలాంటిదానికి అందులో చోటుందా? ఇప్పుడే రాజీనామా చేయనా?
— పేరు రాయొద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రాజీనామా ఇప్పుడే వద్దమ్మా. అలాగని పీహెచ్‌డీ ఆలోచన మానుకోమని మాత్రం నేను అనను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎల్‌డీపీసీ డీకోడర్ మాట మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నా జవాబు సగానికి పైగా దాని చుట్టూనే తిరుగుతుంది. ముందు మీ టీమ్ లీడ్ మాట సంగతి చూద్దాం.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. క్వాంటం కంప్యూటర్లో బిట్ స్థానంలో ఉండే క్యూబిట్ మహా సున్నితమైన వస్తువు. మంచి సూపర్‌కండక్టింగ్ చిప్‌ను పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో నూరో వంతు దూరం దాకా చల్లబరిచి పెట్టినా, రెండు క్యూబిట్ల మధ్య గేటు (లెక్కలో ఒక చిన్న అడుగు) వేస్తే వెయ్యిసార్లలో రెండు మూడుసార్లు తప్పు జరుగుతుంది. పనికొచ్చే లెక్కలకు కోట్ల గేట్లు కావాలి. ఈ చిప్‌ను దాని మానాన వదిలేస్తే మొదటి వెయ్యి గేట్లలోనే లెక్క చెడిపోతుంది. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టే క్వాంటం పద్ధతి కనిపెట్టినప్పుడు చాలామంది భౌతిక శాస్త్రవేత్తలు ఇదే అభ్యంతరం చెప్పారు. మామూలు కంప్యూటర్లో తప్పుకు విరుగుడుగా ఒక బిట్‌ను మూడు కాపీలు తీసి పెట్టుకుంటాం. క్వాంటం స్థితిని కాపీ తీయలేమని 1982లోనే రుజువైంది. పోనీ, తప్పు జరిగిందేమోనని మధ్యలో తొంగి చూద్దామా అంటే, చూడగానే ఆ స్థితి చెదిరిపోతుంది. కాపీ తీయకుండా, తెరిచి చూడకుండా తప్పు దిద్దడం ఎలాగన్నది అప్పటి ప్రశ్న.

మరుసటి ఏడాదే, 1995లో షోర్ తానే జవాబు చెప్పాడు. ఒక క్యూబిట్ సమాచారాన్ని తొమ్మిది క్యూబిట్ల మీద పరిచాడు. 1996లో ఆండ్రూ స్టీన్ అదే పనిని ఏడింటితో చేశాడు. ఆ ఏడు ఎక్కడివో మీకు తెలిసే ఉంటుంది. 1950లో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ రాసిన ఏడు బిట్ల కోడే అది. శని, ఆదివారాల్లో మెషిన్ మీద లెక్క పెట్టి ఇంటికెళ్తే, మధ్యలో తప్పు తగిలి అది పని వదిలేసేదట. తప్పు జరిగిందని పట్టుకోగలిగిన మెషిన్, అది ఎక్కడ జరిగిందో మాత్రం ఎందుకు చెప్పలేదని హామింగ్‌కు చిర్రెత్తింది. ఆ చిరాకులోంచి పుట్టిన కోడ్ నలభై ఆరేళ్ల తర్వాత క్వాంటం లోకానికి అక్కరకొచ్చింది. మీరు బీటెక్‌లో పరీక్ష కోసం చదివిన హామింగ్ కోడే ఈ ఇంటికి పునాది.

కిటుకు ఏమిటో దగ్గరగా చూపిస్తాను. కాగితం మీద వరసగా అయిదు సున్నాలు రాయండి. రెండోదీ మూడోదీ తిప్పేయండి: 0 1 1 0 0. మీకు ఈ అంకెలు చూసే హక్కు లేదు. పక్కపక్కనున్న రెండేసి అంకెల్ని "మీరిద్దరూ ఒకటేనా, వేరా?" అని అడిగే హక్కు మాత్రమే ఉంది. ఒకటీ రెండూ: వేరు. రెండూ మూడూ: ఒకటే. మూడూ నాలుగూ: వేరు. నాలుగూ అయిదూ: ఒకటే. ఈ నాలుగు జవాబుల్నే సిండ్రోమ్ అంటాం. అసలు రాసింది అయిదు సున్నాలా, అయిదు ఒకట్లా అన్నది వీటిలో ఎక్కడా బయటపడలేదు. క్వాంటంలో మనకు కావలసిందీ ఇదే. లోపలి రహస్యం బయటికి రాలేదు కాబట్టి స్థితి చెదరలేదు. తప్పు జాడ మాత్రం దొరికింది.

ఇప్పుడు ఆ జాడకు రెండు అర్థాలున్నాయి. రెండు, మూడు తిరగబడి ఉండొచ్చు. లేదా ఒకటి, నాలుగు, అయిదు తిరగబడి ఉండొచ్చు. రెండింటికీ సిండ్రోమ్ అచ్చంగా ఒకటే. డీకోడర్ తక్కువ తప్పులున్న కథనే నమ్ముతుంది. నిజానికి జరిగింది మూడు తప్పుల కథ అయితే, అది దిద్దబోయి అంతా తలకిందులు చేస్తుంది. దాన్నే లాజికల్ ఎర్రర్ అంటాం. ఈ రంగంలో మనం చేసేదంతా ఆ రెండో కథ జరిగే అవకాశాన్ని తగ్గించుకుంటూ పోవడమే.

క్యూబిట్‌కు బిట్ తిరగబడటం ఒక్కటే జబ్బు కాదు, ఫేజ్ తిరగబడటం అని మరోటుంది. మామూలు బిట్లకు ఆ బాధ లేదు. అందుకే తనిఖీలు రెండు రకాలు కావాలి. తప్పు కొద్దికొద్దిగా, ఏ కొసరు కోణంలోనో జరిగితే ఏం చేస్తామన్నది ఇంకో సందేహం. అక్కడ ప్రకృతే మనవైపు నిలబడింది. కొంచెం పక్కకు ఒరిగిన క్యూబిట్‌ను తనిఖీ చేయగానే, అది తిన్నగా సర్దుకుని దొరుకుతుంది, లేదంటే పూర్తిగా తిరగబడి దొరుకుతుంది. మధ్యస్థంగా ఏమీ మిగలదు. నేను ఈ సంగతి మొదటిసారి కాగితం మీద చేసి చూసుకున్న రోజు ఇప్పటికీ గుర్తుంది. ఈ రంగంలో నన్ను కట్టిపడేసింది ఆ ఒక్క పేజీ లెక్కే.

ఇక ఈ రోజు ప్రయోగశాలల్లో ఎక్కువగా నడుస్తున్న సర్ఫేస్ కోడ్. దీని బీజం 1997లో అలెక్సీ కితాయెవ్ వేశాడు. ధనుర్మాసంలో వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టిన చెయ్యి మీదైతే ఇది మీకు బోర్డు మీద బొమ్మ గీసే ప్రొఫెసర్ల కన్నా తొందరగా పట్టుబడుతుంది. చుక్కలు రెండు రకాలనుకోండి. ఒక రకం చుక్కల్లో సమాచారం ఉంటుంది. వాటి మధ్య సందు చుక్కలు తనిఖీదారులు. ప్రతి సందు చుక్కా తన చుట్టూ ఉన్న నాలుగు చుక్కల్ని "మీలో తిరగబడ్డవి సరి సంఖ్యా, బేసి సంఖ్యా?" అని అడుగుతుంది. సందు చుక్కల్లో సగం బిట్ తప్పుల్ని చూస్తే, మిగతా సగం ఫేజ్ తప్పుల్ని చూస్తాయి. తప్పులు వరసగా గొలుసులా జరిగితే నడుమ ఉన్న తనిఖీదారులకు ఏమీ కనబడదు, గొలుసు రెండు కొసల దగ్గరే దీపాలు వెలుగుతాయి. ముగ్గులో గీత తెగిన రెండు కొసలు మాత్రం కనబడి, నడుమ గీత ఏ దారిన పోయిందో మీరే ఊహించాల్సి వస్తే ఎలా ఉంటుందో అలా. కొసల్ని జతలు కలపడం డీకోడర్ పని. గొలుసు ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరిపోతే ఒక్క దీపమూ వెలగదు, రహస్యం చెడిపోతుంది. ముగ్గు ఎంత పెద్దదైతే అంచుకు అంచు చేరడం అంత కష్టం.

పెద్ద ముగ్గులో చుక్కలెక్కువ కాబట్టి తప్పులూ ఎక్కువే కదా అంటారు. నిజమే, అక్కడే హద్దు లెక్క వస్తుంది. ఒక్కో చుక్క చేసే తప్పుల రేటు ఒక హద్దుకు పైనుంటే ముగ్గు పెంచినకొద్దీ పని చెడుతుంది. హద్దుకు కిందుంటే పెంచినకొద్దీ బాగుపడుతుంది. అలాంటి హద్దు తప్పకుండా ఉంటుందని 1990ల చివరికల్లా గణితంతో రుజువు చేశారు. ప్రయోగంలో కళ్లారా చూడటానికి పాతికేళ్లకు పైనే పట్టింది. 2023లో గూగుల్ బృందం అయిదు చుక్కల పొడవున్న ముగ్గు మూడు చుక్కల ముగ్గు కన్నా ఓ పిసరు మెరుగని చూపింది. పిసరంటే నిజంగా పిసరే. 2024 డిసెంబరులో 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద మూడు, అయిదు, ఏడు పొడవుల్లో చూపించారు. పొడవు రెండేసి పెరిగిన ప్రతిసారీ తప్పుల రేటు సగానికి పైగా తగ్గింది, 2.14 రెట్ల చొప్పున. ఏడు పొడవు ముగ్గులో దాచిన సమాచారం ఆ చిప్‌లోని అత్యుత్తమ క్యూబిట్ కన్నా రెండు రెట్లకు పైగా ఎక్కువసేపు నిలిచింది. కాబట్టి మీ టీమ్ లీడ్ 'ఎప్పటికీ' అన్న ముక్క ఒక్కటి వెనక్కి తీసుకోవాలి. మిగతాది ఇంకా ఆయన పక్షానే ఉంది. ఏడు పొడవు ముగ్గులో కూడా ఒక్కో రౌండుకు తప్పు 0.143 శాతం. పనికొచ్చే లెక్కకు అది కోటి రెట్లకు పైగా తగ్గాలి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, మీరూ ఆ దారినే నడుస్తారు కాబట్టి. పీహెచ్‌డీ మొదటేడు నేను సర్ఫేస్ కోడ్‌కు సిమ్యులేషన్ రాశాను. మూడు పొడవుల ముగ్గులకు వేసిన గ్రాఫు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట హద్దు పది శాతం దగ్గర వచ్చింది. పదింటికి ఒక క్యూబిట్ చెడిపోయినా దిద్దేయొచ్చన్న మాట! రెండు రోజులు కాళ్లు నేల మీద ఆనలేదు. మూడో రోజు మా గైడ్ గ్రాఫ్ చూసి ఒక్క ప్రశ్న వేశారు: "మరి తనిఖీదారే తప్పు చెబితే?" కోడ్ తెరిచి, కొలతల్లోనూ తప్పులు కలిపి మళ్లీ నడిపాను. హద్దు మూడు శాతానికి పడింది. తర్వాత, తనిఖీ చేయడానికి వాడే ఒక్కో గేటులోనూ తప్పు జరగొచ్చని, ఆ గేటే ఒక క్యూబిట్ తప్పును పక్క క్యూబిట్‌కు అంటించొచ్చని కలిపాను. హద్దు ఒక శాతం లోపలికి వచ్చేసింది. ఈ మూడు అంకెలూ ఈ రంగంలో అందరికీ తెలిసినవే, నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కానీ పది నుంచి ఒకటికి పడటం నా చేతుల్లో జరిగింది. ఎర్రర్ కరెక్షన్‌కూ, ఫాల్ట్ టాలరెన్స్‌కూ తేడా నాకు తెలిసింది ఆ వారంలోనే. రోగిని నయం చేయడం ఒక ఎత్తు. డాక్టరూ, నర్సూ, కత్తీ, దూదీ అన్నీ అంటువ్యాధి మోసుకొచ్చేవే అయినా నయం చేయడం మరో ఎత్తు. తనిఖీల్ని అదే పనిగా మళ్లీ మళ్లీ చేస్తూ, ముగ్గుల్ని ఒకదాని మీద ఒకటి కాలక్రమంలో పేర్చినట్టు చూస్తూ, ఆ దొంతరలో కొసల్ని జతకలపాలి.

మీ మేనమామకు నా నమస్కారాలు చెప్పండి. ఆయన మాట మీ మంచి కోరి అన్నదే, కానీ రెండు విషయాలు కలిపేశారు. ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి అమరావతిలో క్వాంటం వ్యాలీ పెడతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. అందులో పెట్టాలనుకున్నది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న మెషిన్. అవి 156 ముడి క్యూబిట్లు. ఏడు పొడవు సర్ఫేస్ కోడ్‌లో దిద్దుబాటైన ఒక్క క్యూబిట్‌కే 97 ముడి క్యూబిట్లు కావాలి. పైగా హెరాన్‌లో క్యూబిట్ల అల్లిక వేరు, ఈ ముగ్గు దాని మీద నేరుగా కుదరదు. అంతమాత్రాన ఆ మెషిన్ వృథా అనను. అలాంటిది మన పిల్లల చేతికి అందితే నిజమైన తప్పులెలా ఉంటాయో చూసి నేర్చుకుంటారు. పుస్తకంలో అది దొరకదు. మెషిన్ నడపడానికీ, దాని మీద ప్రోగ్రాములు రాయడానికీ మనుషులు కావాలి, అందుకు చిన్న కోర్సులూ పనికొస్తాయి. మీరు అడిగింది ఆ పని గురించి కాదు కదా. తప్పుల్ని దిద్దే కొత్త పద్ధతులు కనిపెట్టే పని మూడు నెలల కోర్సుతో రాదు.

రెండో ప్రశ్న, మీలాంటివారికి చోటుందా అన్నది. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను.

మీరు రోజూ తడిమే ఎల్‌డీపీసీ కోడ్‌ను రాబర్ట్ గాలగర్ 1960ల మొదట్లో కనిపెట్టాడు. అప్పటి మెషిన్లకు అది మోయలేని బరువు కావడంతో మూడు దశాబ్దాలు దాన్ని పట్టించుకున్నవాళ్లే తక్కువ. ఇవాళ 5జీలో డేటా అంతా దాని మీదే పోతోంది. క్వాంటంలో ఇప్పుడు అదే కథ కొత్తగా మొదలైంది. సర్ఫేస్ కోడ్‌కు ముడి క్యూబిట్ల ఖర్చు విపరీతం. 2024లో ఐబీఎం పరిశోధకులు క్వాంటం ఎల్‌డీపీసీ కుటుంబంలోని ఒక కోడ్‌తో, 288 ముడి క్యూబిట్ల మీద 12 దిద్దుబాటైన క్యూబిట్లను పెట్టొచ్చని లెక్కగట్టి చూపారు. సర్ఫేస్ కోడ్‌తో అంతే రక్షణ కావాలంటే మూడు వేలకు దగ్గరగా పడతాయి. చిక్కేమిటంటే ముగ్గులో ప్రతి తనిఖీదారూ పక్కింటి నలుగురితో మాట్లాడితే చాలు, ఇక్కడ ఆరుగురితో మాట్లాడాలి, వాళ్లలో కొందరు వీధి చివర ఉంటారు. చిప్ మీద ఆ దూరపు తీగలు వేయడం కష్టం.

మరి దీన్ని డీకోడ్ చేయడమెలా? మీ చిప్‌లో ఉన్న బిలీఫ్ ప్రాపగేషన్‌తోనే, అంటే బిట్లూ తనిఖీలూ ఒకదానికొకటి అంచనాలు పంపుకుంటూ తప్పును తేల్చే పద్ధతితోనే మొదలుపెడతారు. అది ఇక్కడ మొండికేస్తుంది, ఎందుకో మీకు వెంటనే అర్థమవుతుంది. ఫేజ్ తనిఖీలూ, బిట్ తనిఖీలూ ఒకదాన్నొకటి చెడగొట్టకుండా ఉండాలంటే ఏ రెండు తీసుకున్నా వాటికి ఉమ్మడి క్యూబిట్లు సరి సంఖ్యలో ఉండాలి. ఆ నియమం వల్ల గ్రాఫ్‌లో నాలుగు అంచుల చిన్న చక్రాలు తప్పవు. మీ 5జీ కోడ్ తయారుచేసినవాళ్లు ఏరి పారేసింది వాటినే. అంతకన్నా లోతైన కారణం ఇంకోటుంది. క్వాంటంలో వేర్వేరు తప్పులు ఒకే ఫలితాన్నిస్తాయి. ముగ్గులో రెండు కొసల మధ్య గీత ఎడమ దారిన పోయినా, కుడి దారిన పోయినా, రెండూ కలిసి చుట్టు మూసుకుంటే దాచిన సమాచారానికి ఏ నష్టమూ లేదు. ఏ దారైనా సరే అని మనకు తెలుసు. బిలీఫ్ ప్రాపగేషన్‌కు తెలియదు. రెండు దారులూ సమానంగా కనబడేసరికి ఎటూ తేల్చుకోలేక ఊగుతూ ఉండిపోతుంది. దాన్ని తేల్చడానికి వెనక ఇంకో దశ తగిలిస్తారు. ఆ దశ బాగా పనిచేస్తుంది, కానీ మందకొడి.

మందకొడితనం ఇక్కడ ప్రాణాంతకం. సూపర్‌కండక్టింగ్ చిప్‌లో తనిఖీ రౌండు ఒక మైక్రోసెకను చిల్లర. డీకోడర్ అంతకన్నా నెమ్మదైతే తేలని సిండ్రోములు పోగుపడతాయి. కొన్ని గేట్లు వేయాలంటే అప్పటిదాకా జరిగిన తప్పులేవో తేలాలి. తేలేదాకా ఆగుతాం, ఆగినంతసేపూ కొత్త సిండ్రోములు వస్తూనే ఉంటాయి, తర్వాతి గేటు దగ్గర ఇంకా ఎక్కువ ఆగాలి. అప్పు చక్రవడ్డీ లెక్కన పెరిగినట్టు ఆలస్యం పెరుగుతుంది. అందుకే డీకోడర్లను ఎఫ్‌పీజీఏల (కావలసినట్టు మళ్లీ అల్లుకోగల చిప్‌ల) మీద, ప్రత్యేక చిప్‌ల మీద పెట్టే పరిశోధన ఇంత ఊపందుకుంది. ఎంత బిట్ వెడల్పు చాలు, మెసేజీల్ని ఎక్కడ కోసేయాలి, పైప్‌లైన్ ఎక్కడ ఆగిపోతోంది, పదికోట్లలో ఒకసారి వచ్చే తప్పును పరీక్షలో ఎలా రప్పించాలి? ఈ ప్రశ్నలు ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి వచ్చినవాళ్లకు కొత్త. మీరు మూడేళ్లుగా వీటితోనే కాపురం చేస్తున్నారు. మీ అనుభవాన్ని మీరు ఉత్తరంలో సంజాయిషీలా రాశారు. దరఖాస్తులో దాన్ని మొదటి వాక్యం చేయండి.

ఫిజిక్స్ భయం సగం తీసేయండి. మీకు కావలసింది లీనియర్ ఆల్జీబ్రా, అందులోనూ 0, 1 ల మీద నడిచేది బాగా రావాలి. 1997లో డేనియల్ గాట్స్‌మన్ తన పీహెచ్‌డీలో స్థిరపరిచిన స్టెబిలైజర్ భాష, అంటే క్వాంటం తనిఖీల్ని రాసుకునే పద్ధతి, నేర్చుకుంటే తనిఖీలన్నీ మీకు తెలిసిన ప్యారిటీ చెక్ మ్యాట్రిక్సుల్లాగే కనబడతాయి. క్యాల్‌టెక్‌లో జాన్ ప్రెస్కిల్ తన క్వాంటం పాఠాల నోట్సును ఎవరైనా చదువుకునేలా ఉచితంగా పెట్టారు, ఎర్రర్ కరెక్షన్ అధ్యాయం చాలు మొదట్లో. సిమ్యులేషన్‌కు స్టిమ్ అనే ఉచిత సాధనముంది, కొసల్ని జతకలపడానికి పైమ్యాచింగ్ ఉంది. మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి. మిగతా సగం భయం ఉంచుకోండి. క్యూబిట్ ఎందుకు తప్పు చేస్తుందో తెలియకుండా మంచి డీకోడర్ రాయలేరు. విల్లో ప్రయోగంలోనే చూడండి. సరళమైన రిపిటిషన్ కోడ్‌ను (పైన అయిదు సున్నాలతో చూపినలాంటిది) చాలా పొడవుగా పెట్టి నడిపితే తప్పులు ఎంతో తగ్గాయి గానీ, గంటకోసారి ఒక్కసారిగా బోలెడు క్యూబిట్లు కలిసి చెడిపోయే సంఘటనలు అడ్డుపడ్డాయి. అలాంటివాటిని కాగితం మీద కూర్చుని ఊహించలేం, చిప్ చల్లబరిచేవాళ్ల పక్కన కూర్చోవాలి.

ఇంకొక్క లెక్క చెప్పి ఈ భాగం ముగిస్తాను, మీరు నిరుత్సాహపడ్డ రోజున గుర్తుకు తెచ్చుకోవడానికి. ఇంటర్నెట్‌లో రహస్యాలు దాచడానికి వాడే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళం విప్పడానికి రెండు కోట్ల ముడి క్యూబిట్లు కావాలని 2019లో క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా లెక్కగట్టారు. 2025లో గిడ్నీయే పది లక్షల లోపు చాలని చూపాడు. సమయం ఎనిమిది గంటల బదులు వారం లోపు పడుతుంది, అంతే. ఆ ఆరేళ్లలో క్యూబిట్లు మెరుగయ్యాయి కదా, అందువల్లేమో అనుకోకండి. రెండు లెక్కల్లోనూ క్యూబిట్ తప్పుల రేటు వెయ్యికి ఒకటి అనే తీసుకున్నారు. తగ్గిందంతా కోడ్లు దట్టంగా పేర్చడం వల్ల, లెక్క చేసే పద్ధతి మార్చడం వల్ల. ఇరవయ్యింటికి పంతొమ్మిది వంతుల క్యూబిట్లను కాగితం, కలం, సిమ్యులేషన్ మిగిల్చాయి. పని అయిపోయిన రంగంలో ఇలాంటి తగ్గుదల కనబడదు.

ఇప్పుడు ఇంటి సంగతి. మన దేశంలో పీహెచ్‌డీ ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000, అర్హతను బట్టి ఇంటద్దె వేరే. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదట్లోనే రూ.70,000. మీ ఇప్పటి జీతంతో పోలిస్తే ఇవి చిన్నవి కావొచ్చు. తమ్ముడి చదువు ఇంకో రెండేళ్లుంది. ఆ ఫీజు మొత్తం ముందుగా పక్కన పెట్టి, ఆ బ్యాంకు కాగితం నాన్నగారి చేతిలో పెట్టాకే ఉద్యోగం మాట ఎత్తండి. నెల నెలా జీతం మీద ఇల్లు నడిపిన మనిషికి "ఈ రంగానికి భవిష్యత్తుంది" అంటే ఏం తృప్తి ఉంటుంది? ఏ నెల ఎంత వస్తుందో, ఎంత పోతుందో చెబితే ఆయనే మీతో కూర్చుని లెక్క వేస్తారు. ఈలోగా గేట్ ప్రవేశ పరీక్ష రాయండి, ఈసీఈలోనే రాయండి. ఐఐఎస్సీ, ఐఐటీ మద్రాసు, మీరిప్పుడుంటున్న ఊళ్లోనే ఉన్న ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఇవన్నీ క్వాంటం పని జరిగే చోట్లే. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదించిన నేషనల్ క్వాంటం మిషన్‌కు ఎనిమిదేళ్లకు రూ.6,003 కోట్లకు పైగా కేటాయించారు. అందులో కంప్యూటింగ్ హబ్ ఐఐఎస్సీలో ఉంది. డబ్బుందని గైడ్‌ను ఎంచుకోవద్దు. మీరు అడిగే డీకోడర్ ప్రశ్న విని ఎదురు ప్రశ్న వేసే గైడ్‌ను ఎంచుకోండి. మీరు ఆరు నెలలు సాయంత్రాల్లో చేసిన పని ఏదో ఒకటి, రెండు పేజీల్లో రాసి పంపితే ఆ ఎదురు ప్రశ్న వస్తుందో లేదో వారంలో తెలిసిపోతుంది.

ఆ ఆరు నెలలు మీకూ ఒక పరీక్షే. ఈ పనిలో చాలా రోజులు సున్నాలూ ఒకట్లూ సరిచూసుకుంటూ గడిచిపోతాయి. నిన్న సరిగ్గా వచ్చిన గ్రాఫ్ ఇవాళ తప్పని తేలుతుంది. అది విసుగనిపించక, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రాత్రి కూడా మళ్లీ తెరవాలనిపిస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు. అనిపించకపోతే అదీ తెలుసుకోవలసిన నిజమే. అప్పుడు ఉద్యోగం మీ చేతిలోనే ఉంటుంది, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

మొదటి ఆదివారం పని నేనే ఇస్తున్నాను. ఒక తెల్లకాగితం మీద ఈ మూడు వరసలు రాయండి: 0001111, 0110011, 1010101. ఏ రెండు వరసలు తీసుకున్నా, రెండింట్లోనూ ఒకటి ఉన్న చోట్లు సరి సంఖ్యలో ఉన్నాయో లేదో చూడండి. ఒక్కో వరసలోని ఒకట్లూ లెక్కపెట్టండి. తర్వాత ఈ మూడు వరసల్నే ఒకసారి బిట్ తనిఖీకి, ఒకసారి ఫేజ్ తనిఖీకి వాడండి. ఏడు క్యూబిట్లకు ఆరు తనిఖీలు. అయిదో క్యూబిట్‌కు రెండు తప్పులూ ఒకేసారి జరిగితే ఆ ఆరు జవాబులూ ఏమిటో చేత్తో తేల్చండి. కంప్యూటర్ ముట్టుకోవద్దు. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి, ఎక్కడైనా ఆగిపోతే ఆగిన చోటే గీత గీసి పంపండి. అక్కణ్నుంచి ఇద్దరం కలిసి చూద్దాం.